తీరిక ఎవరిది?

మనిషి సుఖపడటం తప్పా? ఇది చాలా పాత ప్రశ్న. సన్యాసులు దీనికి ఒక జవాబు చెప్పారు, భోగులు మరొకటి చెప్పారు. ఆ రెండూ మనకు పనికిరావని అభ్యుదయవాదులం ఏనాడో తేల్చుకున్నాం. అయితే పుస్తకంలో తేలిన ప్రశ్న జీవితంలో తేలినట్టు కాదు. ఈ మధ్య ఒక చిన్న ప్రయాణం కారణంగా ఆ ప్రశ్న మళ్ళీ నా ఎదుటికి వచ్చి నిలబడింది.

నేను ఎనుమాముల మార్కెట్టుకు దగ్గరలో కాపురం ఉంటున్నాను. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరున్న యార్డు అది. పత్తి తగ్గుముఖం పట్టి, మిర్చి దిగే రోజులు వస్తే ఆ చుట్టుపక్కల తుమ్మకుండా నడిచే మనిషి ఉండడు. ఆ ఘాటులోనే హమాలీలు పొద్దస్తమానం బస్తాలు మోస్తారు. సరిగ్గా అటువంటి రోజుల్లో నేను నాలుగు రోజులు సెలవు పెట్టి, కోస్తాలో ఉన్న ఇద్దరు పాత మిత్రులను చూడటానికి వెళ్ళాను. ఒకరి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి బకింగ్‌హాం కాలువ మీద పడవలో వెళ్ళాను. తిరిగి వచ్చాక ఒక సహోద్యోగి అన్నాడు: "ఇక్కడ మనుషుల వీపులు విరుగుతుంటే మీరు పడవ షికారుకు వెళ్ళివచ్చారన్నమాట!" ఆయన హాస్యానికి అనలేదు. నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచకపోవటానికి కారణం ఆయన మాటలో నిజం ఉండటం కాదు. ఆయనకు తెలియని మరొక తప్పు నా మనసులో ఉండటం.

ముందు ఆ కాలువ సంగతి చెప్పాలి. కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర దీనితో కలుస్తుంది. అక్కడి నుంచి సముద్రాన్ని ఆనుకుని తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా ఆంధ్ర తీరంలోనే ఉన్నది. డెల్టా కాలువలన్నీ కలుపుకుంటే ఒకప్పుడు కాకినాడలో పడవ ఎక్కినవాడు మద్రాసులో దిగవచ్చు. ధాన్యం, ఉప్పు, కట్టెలు ఈ దారినే పోయేవి. ఇప్పుడు ఆ రవాణా లేదు. చాలాచోట్ల కాలువ పూడిపోయింది. నీరు నిలిచిన ముక్కల్లో చేపలు పట్టేవాళ్ళ చిన్న పడవలు తిరుగుతాయి. అటువంటి పడవ ఒకటి నా మిత్రుడు నాకు కుదిర్చిపెట్టాడు.

చినగంజాం ప్రాంతపు ఉప్పు కొఠార్లు దాటి, సరుగుడు తోటల పక్కగా, గెడ వేసుకుంటూ ఒక పెద్దాయన నన్ను తీసుకువెళ్ళాడు. సముద్రం ఇసుక దిబ్బల అవతల ఉండి కనిపించదు, వినిపిస్తుంది. నేను పడవలో చాప మీద వాలి కూర్చున్నాను. ఆయన నిలబడి ఉన్నాడు.

"మీ వైపు కాలవలుండవా సారూ?" అని అడిగాడు.

"కాలువలు తక్కువ. చెరువులుంటాయి" అన్నాను.

"చెరువులో ఎంత తిరిగినా ఎక్కడికీ పోలేం గదా!" అని నవ్వాడు.

తన తాత ఈ కాలువ మీదే పెద్ద సరుకు పడవలకు పనిచేశాడని చెప్పాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, ఎదురు గాలి అయితే గట్టు మీదికి దిగి భుజాన తాడు వేసుకుని లాగటం. నాకు వెంటనే రష్యన్ చిత్రకారుడు రేపిన్ 1870-73 మధ్య వేసిన వోల్గా పడవ కూలీల బొమ్మ గుర్తుకు వచ్చింది. పదకొండుమంది ముందుకు వంగి పడవను లాగుతుంటారు. వాళ్ళలో ఒక కుర్రవాడు మాత్రం తల ఎత్తి దూరంగా చూస్తుంటాడు. ఆ బొమ్మ గురించి నేను విద్యార్థులకు చాలాసార్లు చెప్పాను. ఆనాడు పడవలో కూర్చుని కూడా దాన్ని గురించే ఆలోచించాను. నా ఎదుట గెడ వేస్తున్న మనిషిని గురించి ఆలోచించలేదు.

రెండో మిత్రుడి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమయింది. ఇరవై ఏళ్ళ తరువాత కలుసుకున్నాం. కౌగిలింతలు, చదువుకున్న రోజుల కబుర్లు, పోయినవాళ్ళ తలపులు, దేశం ఎటు పోతున్నదన్న చర్చ, అన్నీ అయ్యాయి. విస్తళ్ళు వేశారు. తింటూ సమానత్వం గురించి గట్టిగానే వాదించుకున్నాం. సగం భోజనంలో మిత్రుడి తల్లి గుమ్మంలోకి వచ్చి, "నాయనా, మిమ్మల్ని తెచ్చిన పడవాయన అన్నం తిన్నాడా?" అని అడిగింది.

ఇద్దరమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాలో కులం పట్టింపు ఉన్నవాళ్ళు లేరు. పట్టింపు లేకుండానే, ఎవరూ కావాలని చేయకుండానే, ఆయనకు విస్తరి పడలేదు. దురాచారం బలమంతా అందులోనే ఉన్నది. అది మన అభిప్రాయాల్లో నుంచి పోయిన తరువాత కూడా మన అలవాట్లలో కాపురం ఉంటుంది.

గట్టుకు పరుగెత్తాం. పెద్దాయన పడవలో తలగుడ్డ మొహాన కప్పుకుని నిద్రపోతున్నాడు. లేపితే, "తిన్నాను సారూ, తెచ్చుకున్నాను. మీరు మాట్లాడుకోండి. పోయేటప్పుడు లేపండి. ఇట్టా పగలు పడుకునేది మీలాంటోళ్ళు వొచ్చినప్పుడే" అన్నాడు.

ఆ మాట విని మొదట నాకు ఊరట కలిగింది. నా తీరిక వల్ల ఆయనకు కూడా కాస్త తీరిక దొరికింది గదా అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే ఆ ఊరటలో మోసం ఉన్నదని తెలిసింది. నేను ఎప్పుడు బయలుదేరుతానో ఆయనకు తెలియదు. ఆ నిద్ర నేను పిలిచినదాకానే. ఆయన నిద్ర మీద అధికారం నాది. ఎనుమాముల యార్డులో రైతులు ముందురోజే వచ్చి, తమ బస్తాల మీదే తల పెట్టుకుని పడుకోవటం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళకూ ఆ రాత్రి చెయ్యవలసిన పని ఏమీ లేదు. దాన్ని ఎవరైనా తీరిక అంటారా? ధర పలికేదాకా వాళ్ళ ప్రాణం బస్తాలోనే ఉంటుంది.

కాబట్టి ఖాళీ వేరు, తీరిక వేరు. పని లేకపోవటం ఖాళీ. తన కాలానికి తానే యజమాని కావటం తీరిక. నిరుద్యోగికి ఖాళీ ఉన్నది, తీరిక లేదు. పడవలో ఆనాడు పెద్దాయనకు దొరికింది ఖాళీ. నాకు దొరికింది తీరిక.

ఈ భేదాన్ని దగ్గర పెట్టుకుని మన ప్రశ్నకు లోకంలో ఉన్న జవాబులను చూద్దాం.

మొదటిది సరసమైన జవాబు. కాలువ అందమైనది, నెమ్మది ప్రయాణం మనసుకు మంచిది, స్నేహం జీవితానికి వెలుగు, ఇందులో తర్కమెందుకు అంటారు. ఇది నిజానికి అరిస్టాటిల్ అంతటివాడి జవాబే. ప్రయోజనం కోసం చేసే స్నేహం కంటె, సరదా కోసం చేసే స్నేహం కంటె, మంచితనాన్ని చూసి చేసే స్నేహం గొప్పదని ఆయన చెప్పాడు. తీరిక ఉంటేనే ఉత్తమ జీవితమన్నాడు. అయితే ఆ తీరికను బానిసలు సంపాదించిపెట్టాలి. మగ్గంలో నాడె తనంతట తాను ఆడగలిగితే యజమానులకు బానిసల అవసరం ఉండదని కూడా ఆయనే అన్నాడు. నాడె తనంతట తాను ఆడటం మొదలై రెండు శతాబ్దాలు దాటింది. నేతగాడికి మాత్రం తీరిక రాలేదు, పని పోయింది. ఈ కాలువకూ అదే ప్రశ్న వస్తుంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలనూ, గోదావరి కృష్ణా నదుల భాగాలనూ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ మార్గం పూర్తిగా బాగుపడి యంత్రపు పడవలు నడిస్తే గెడ పట్టేవాడి చేతులకు విశ్రాంతి దొరుకుతుందా, లేక తిండి పోతుందా? ఇది యంత్రం తేల్చే విషయం కాదు. యంత్రం ఎవరిది అన్న దాన్నిబట్టి తేలుతుంది.

రెండోది వర్తకుడి జవాబు. అడిగిన డబ్బు ఇచ్చాం, లెక్క సరిపోయింది అంటాడు. సరిపోయిందా? ఈ కాలువనే చూడండి. 1806లో మద్రాసుకు ఉత్తరాన మొదలైన ముక్కను క్రమంగా పెంచుకుంటూ వచ్చారు. 1876-78లో, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే ఘోరమైన కరువు వచ్చినప్పుడు, ఆకలితో వచ్చిన జనం చేత మద్రాసులో అడయారుకూ కూవానికీ మధ్య సుమారు 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. ఆ కరువులో, 1877లో, రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కరువు కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. లెక్క ప్రకారం ఎవరికీ బాకీ లేదు. కాలువకు మాత్రం ఆనాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇదే కాలువ అనేక చోట్ల పొంగివచ్చిన నీటిని తనలో పట్టుకుని, వెనక ఉన్న ఎందరినో కాపాడింది. ఎప్పుడో పార పట్టిన మనిషి, తాను ఎరగని మత్స్యకారుడి బిడ్డను ఇన్నేళ్ళ తరువాత కాపాడాడు. దీనికి ఏ అణాలు సరిపోతాయి? కూలి శ్రమకు ధర కట్టగలదేమో గాని, మనిషికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని చెల్లువెయ్యలేదు.

మూడోది నా సహోద్యోగి జవాబు. ఇతరులు కష్టపడుతుండగా సుఖపడటం తప్పు అంటాడు. ఇందులో నిజాయితీ ఉన్నది కాబట్టి దీన్ని జాగ్రత్తగా చూడాలి. నేను పడవ ఎక్కకుండా ఇంట్లో కూర్చుంటే ఏ హమాలీ వీపు మీదా ఒక బస్తా తగ్గదు. పైగా శ్రామికోద్యమం ఎన్నడూ సుఖాన్ని నిషేధించలేదు, తీరికనే అడిగింది. 1866లో జెనీవాలో మొదటి ఇంటర్నేషనల్ ఎనిమిది గంటల పనిదినం కోరింది. 1886 మేలో చికాగో కార్మికులు దానికోసమే ప్రాణాలు ఇచ్చారు. మార్క్స్ అల్లుడు లఫార్గ్ సోమరితనం మానవుడి హక్కు అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం వారానికి 48 గంటలని నిర్ణయించింది. బ్రిటిషు ఇండియాకు మాత్రం 60 గంటలు! మన మనిషి తీరికకు ఆనాడు లోకం కట్టిన విలువ అది. ఇటువంటి పోరాటం చేసినవాళ్ళ వారసులం తీరికను పాపమనటం ఏం న్యాయం? మన పశ్చాత్తాపం పడవవాడికి అన్నం పెట్టదు. అది మన మంచితనాన్ని మనమే చూసుకునే అద్దం.

మరి చెయ్యదగినదేమిటి? దానికి ఆ కాలువల నాడే ఒక జవాబు ఉన్నది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వైపు కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ ప్రయాణంలో గడిచిపోయే ఖాళీని చదువుకునే తీరికగా మార్చటం అది. ఆ ఒక్క పడవ వర్గభేదాన్ని పోగొట్టలేదు నిజమే. కాని తీరిక పంచుకునే వస్తువేనని అది రుజువు చేసింది. సుఖం తప్పు కాదు. సుఖాన్ని మోసిన భుజాన్ని చూడకపోవటం తప్పు. చూసిన తరువాత కూడా ఆ సుఖాన్ని మన ఇంటి సొత్తుగా దాచుకోవటం అంతకంటె పెద్ద తప్పు.

తిరుగు ప్రయాణంలో నేను చాప మీద వాలలేదు. ఆ పెద్దాయన పేరు అడిగాను. ఉదయమంతా ఆయన పడవలో కూర్చుని పేరు అడగలేదన్న సంగతి అప్పుడే తట్టింది. గెడ వేస్తానంటే ఇచ్చి చూశాడు. పడవ గట్టుకు తగులుకున్నది. "ఇది మీవల్ల కాదులే సారూ" అని తీసుకున్నాడు. నేను ఒక గంట గెడ వేసినంత మాత్రాన సమానత్వం వస్తుందని నేనూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. కాని మధ్యాహ్నం మిత్రుడి ఇంట మాట్లాడుకున్నదాని కంటె సాయంత్రం ఆ పడవలో మాట్లాడుకున్నది నాకు ఎక్కువగా గుర్తున్నది.

ఎనుమాములకు వచ్చిన మర్నాడు మా వాడకట్టులో ఉండే హమాలీ ఒకతను యార్డు నుంచి ఇంటికి పోతూ నా దగ్గర ఆగాడు. ఒంటి నిండా మిర్చి దుమ్ము. నేను పడవ మీద పోయివచ్చిన సంగతి అతనికి ఎవరో చెప్పారట. నా సహోద్యోగి అన్న మాటే అతనూ అంటాడేమోనని నాకు బెరుకుగా ఉన్నది. అతను నిలబడి, "సముద్రం అవుపడ్డదా సార్? ఎట్లుంటది? నేనైతే ఎన్నడు సూడలె" అని అడిగాడు.

అతని గొంతులో నింద లేదు. కోరిక ఉన్నది. నా సహోద్యోగికి ఇవ్వలేకపోయిన జవాబు నాకు అప్పుడు దొరికింది. అతనికి కావలసింది నేను పడవ దిగటం కాదు. తానూ ఎక్కటం. సీజను పోయాక ఇద్దరం కలిసి వెళదామని అన్నాను. "తీరాలె గద సార్" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ తీరటం అతని చేతిలో లేదు. ఉండేట్టు చెయ్యటమే మన పని.