నెమ్మదించడమా, అణిగిపోవడమా?

హింసకి గురైన పిల్లలకి మాటలకంటే ముందు శరీరంతో వైద్యం మొదలుపెట్టాలనే ఆలోచనకి ఈమధ్య ఆదరణ పెరిగింది. 2014లో బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ రాసిన 'ద బాడీ కీప్స్ ద స్కోర్' దీన్ని విస్తృత చర్చకి పెట్టింది. భయం జ్ఞాపకంలోనే కాదు. బిగుసుకున్న భుజాల్లో, అందని ఊపిరిలో, పట్టని నిద్రలో కూడా ఉంటుందని దాని సారాంశం. అందుకే ఊపిరిని గమనించమంటారు, పాదాలు నేలకి ఆనించమంటారు, లయగా కదలమంటారు. పిల్లల విషయంలో దీనికి ఆధారాలింకా తక్కువే. జరిగినదాన్ని మెల్లగా మాటల్లోకి తెచ్చే చికిత్సలకే రుజువులెక్కువ. అయినా నోట మాట రాని పిల్లకి ఇదీ ఒక దారే.

అయితే ఈ దారి మన గుంటూరు, ప్రకాశం ఊళ్ళమీదుగా వెళ్తే ఏమవుతుంది?

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆనాడు పదేళ్ళున్న పిల్లకి అప్పటికి ముప్ఫై దాటాయి. న్యాయం జరిగేదాకా ఆ శరీరాన్ని వణకనిద్దామా? అలా అనే హక్కు ఎవరికీ లేదు. పిల్లల ఉపశమనం కోర్టు వాయిదాల మీద ఆధారపడకూడదు.

కానీ "ప్రమాదం దాటిపోయింది, నెమ్మదించు" అని చెప్పడం నిజమేనా? తనవాళ్ళని కొట్టినవాళ్ళ చేలోనే మిరపకాయలు కొయ్యడానికి వంగాల్సిన పిల్లకి భుజాలు బిగుసుకోవడం జబ్బు కాదు, తెలివిడి. పైగా ఆడపిల్లలకి ఈ మాట కొత్తది కాదు. ఒదిగి కూర్చో, గొంతు తగ్గించు అని పుట్టినప్పటినుంచీ మనం చేయించేదీ శరీర శిక్షణే. పగలు అంటుకోకూడదని దూరం పెట్టి, అదను చూసి చెయ్యివేసే సమాజంలో, వైద్యం పేరుతో తాకే చెయ్యి కూడా ముందు ఆ పిల్ల అనుమతి అడగాలి. "వద్దు" అంటే ఆగాలి.

1985 జులైలో కారంచేడులో, మంచినీళ్ళ చెరువుని పాడుచెయ్యొద్దన్న దళిత కుర్రాణ్ణి కొడుతుంటే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు ఆ వాడమీద దాడి చేసి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాలకి తరలిపోయారు. ఎత్తిన ఆ చెయ్యి రోగలక్షణం కాదు.

కాబట్టి ఈ చికిత్సని కొలవాల్సింది పిల్ల ఎంత నిశ్శబ్దంగా ఉందన్నదాన్నిబట్టి కాదు. రాత్రి నిద్రపోగలుగుతోందా, అవసరమైతే పరుగెత్తగలదా, కాదనగలదా అన్నదాన్నిబట్టి. శరీరం నెమ్మదించాలి, తన ఇష్టంతో మళ్ళీ లేవడానికి. అణగదొక్కడాన్ని మాత్రం స్వస్థత అని పిలవకూడదు.