గోడ మీది బొమ్మ, పెట్టెలోని పద్దు

ఆసుపత్రికి ఎవరేమిచ్చారో తెలియాలంటే గోడలు చూస్తే చాలదు, పద్దులు తిరగేయాలి. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రి కాగితాలే ఇందుకు సాక్ష్యం. 1751లో థామస్ బాండ్ అనే వైద్యుడూ, బెంజమిన్ ఫ్రాంక్లినూ కలిసి దాన్ని స్థాపించారు. జనం రెండు వేల పౌన్ల చందా పోగుచేస్తే అంత సొమ్మూ సర్కారు కలిపేలా ఫ్రాంక్లిన్ అక్కడి శాసనసభను ఒప్పించాడు. 1754లో ఆసుపత్రి వృత్తాంతం అచ్చువేసి, చందాదారుల పేర్లు కూడా అందులో చేర్చాడు. ఆ తొలినాళ్ల సంగతుల్లో నేతగాళ్ల కంటికి వెంటనే ఆనేది ఇంకొకటుంది: మతి చలించిన రోగుల్లో ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకు ఉన్నీ నారా వడికే తేలికపాటి పని పెట్టేవారు.

ఆ ఆసుపత్రి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మాత్రం ఒక పెద్ద చిత్రం. పెన్సిల్వేనియాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన బెంజమిన్ వెస్ట్‌ను ఆసుపత్రివాళ్లు సాయం అడిగితే, డబ్బుకు బదులు బొమ్మ వేసిస్తానన్నాడు. దేవాలయంలో క్రీస్తు రోగులను బాగుచేసే ఘట్టం గీశాడు. దాన్ని 1811లో లండన్‌లోనే మూడు వేల గినీలకు కొనేశారు. మాటిచ్చిన బొమ్మను అమ్ముకున్నవాడిది దానమెలా అవుతుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వెస్ట్ మళ్లీ కుంచె పట్టాడు, 1817లో రెండో చిత్రం ఫిలడెల్ఫియా చేరింది. మొదటిదానిలో లేని ఒక మతి తప్పిన రోగి ఇందులో ఉన్నాడు, ఎందుకంటే అలాంటివాళ్లకు ఆ ఆసుపత్రిలో చోటుంది. రోగికి మంచం కావాలి గానీ బొమ్మెందుకన్న ఆక్షేపణకూ జవాబు అక్కడే ఉంది. బొమ్మకు వేరే ఇల్లు కట్టి పావు డాలరు టికెట్ పెట్టారు. ఆ రాబడి ఆసుపత్రికే చేరింది. ఇదంతా ఈనాడు మనకు చెబుతున్నవి ఆసుపత్రి దాచిన ఉత్తరాలూ లెక్కలే. అవి లేకపోతే మిగిలేది ఒక గొప్పవాడి పేరొక్కటే.

సోలాపూర్ కుమఠా నాకాలో కూచుని ఈ కథ ఎందుకంటే, దారంతోనే నాయకుల ముఖాలు నేసి గోడకు తగిలించే ఊరిది. బొమ్మలకు కొదవ లేదు. చింతల్లా కాగితాల గురించే. సహకార పద్ధతిలో నడిచే మార్కండేయ రుగ్ణాలయం లాంటి సంస్థల్లో వాటాదారు అంటే జమీందారు కానక్కర్లేదు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాడి వాటా, బీడీలు చుట్టే ఆమె వాటా ఒక చిన్న రసీదు తప్ప ఇంకెక్కడ కనబడాలి? శిలాఫలకం పెద్ద దాతకే చాలదు, మరి వీళ్లకేం చోటిస్తుంది? గుప్తదానమే ఉత్తమమని పెద్దలంటారు నిజమే, కానీ పద్దులో పేరుండటం చాటింపు కాదు, అడిగినవాడికి జవాబు మాత్రమే. రోగుల జబ్బుల వివరాలు బయటికి రాకూడదన్న భయమూ సబబైనదే. కాబట్టి చికిత్స పుస్తకాలను చందా పుస్తకాలతో కలపకూడదు, రోగి వివరాలకు తాళం పడాలి. ఇక ఖర్చు మాటంటారా, ఫిలడెల్ఫియావాళ్లు చేసిందీ పెద్ద పనేం కాదు: సమావేశాల పుస్తకాలు చెదపట్టకుండా చూశారు, వచ్చిన ఉత్తరం పారేయలేదు. మన సహకార సంఘాలు ఏటా సర్వసభ్య సమావేశం జరుపుతాయి. పాత వాటా రిజిస్టర్లు ఎక్కడున్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి అని ఈసారి అక్కడ ఒక సభ్యుడు లేచి అడగాలి, జవాబును మినిట్స్‌లో రాయించాలి.