మిగిలిన ముక్కలు



ధ్యానమునకు: యోహాను 6:12, రూతు 2:14-18

క్రిస్మస్ మరునాటి సాయంత్రము మన సహవాసములోని ఒక సహోదరి వైట్‌ఫీల్డ్ వైపునుండి రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చినది. ఆమెది కనిగిరి ప్రక్క పల్లె. ఇక్కడ ఒక ఇంటిలో వంట చేయుచున్నది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను, పేరు మాత్రము వ్రాయను. చేతిలో పెద్ద స్టీలు డబ్బా ఉన్నది. మూత తీసి చూపినది. అందులో టర్కీ కోడి గూడు ఉన్నది. రొమ్ము మాంసము చాలవరకు కోసుకొనిరి గాని రెక్కల మొదట, వీపు క్రింద, తొడల చుట్టు ఇంకను మాంసము మిగిలియున్నది.

"అయ్యగారూ, మా మేడమ్ ఇచ్చింది. ఇది మేము వండుకొని తినొచ్చా?" అని అడిగినది.

నేను వెంటనే విగ్రహములకు అర్పించిన వాటిని గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన అధ్యాయము ఎత్తుకొంటిని. బోధకులకు ఇదొక జబ్బు, ప్రశ్న పూర్తి కాకముందే అధ్యాయము చెప్పుదుము. మా ఇంట ఆమె నా వైపు చూచి, "మీరు కాసేపు ఆగండి, అమ్మాయి అడిగేది అది కాదు" అన్నది. అప్పుడు ఆ సహోదరి తల వంచుకొని, "ఇది ఎంగిలి కదా అయ్యగారూ. చచ్చినా పెద్దోళ్ల ఇంటి ఎంగిలి ముట్టొద్దని మా అమ్మ చెప్పింది. వద్దంటే మేడమ్ ఏమనుకుంటుందోనని తీసుకున్నా. బస్సులో కూర్చున్నంతసేపూ అమ్మే గుర్తొచ్చింది" అన్నది.

ప్రియులారా, ఆ తల్లి మాట వెనుకనున్న సంగతి మనలో అనేకులకు ఎవరును వివరించనక్కరలేదు. మా నాయనమ్మ ప్రొద్దుననుండి చేలో కలుపు తీసి, సాయంకాలము చట్టి పట్టుకొని కామందుల పెరటి గుమ్మము దగ్గర నిలువబడేది. చట్టికి చెయ్యి తగులకుండ పైనుండి మెతుకులు విడిచేవారు. అది ఆమె కష్టమునకు రావలసిన కూలిలో భాగమే. అయినను దానికి ధర్మమని పేరు పెట్టిరి. ఆ చట్టి మన ఇండ్లలో ఇప్పుడు లేదు, గాని దాని బరువు ఇంకను కొందరి చేతులలో ఉన్నది. కనుక ఆ సహోదరి ప్రశ్నను చిన్నదిగా తీసివేయలేకపోతిని.

మా ఆమె మాత్రము నాకంటె తెలివిగా అడిగినది. "తిన్న పళ్లాల్లో మిగిలిందా, కోసిన పళ్లెంలో మిగిలిందా?" "కోసిన పళ్లెంలోదే అమ్మగారూ. అందరూ తినగానే ఫ్రిజ్‌లో పెట్టాను." "కోడిని వండిందెవరు?" "నేనేగా! తెల్లారుజామున లేచి, వెన్న రాసి, మిరియాలు పట్టించి, నాలుగు గంటలు ఓవెన్ దగ్గరే ఉన్నా." ఆ దినము ఆమె ఆరాధనకు రాలేదని నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఎందుకు రాలేదో నేను అడుగనైనను అడుగలేదు.

ఇప్పుడు వాక్యములోనికి వత్తము. యేసుప్రభువు అయిదు వేలమందికి పంచినవి యవల రొట్టెలు. అవి బీదల రొట్టెలు, మన ప్రకాశము జిల్లా జొన్నరొట్టె వంటివి. అందరు తృప్తిగా తినిన తరువాత మిగిలిన ముక్కలలో ఏదియు పాడుకాకుండ పోగుచేయుడని ఆయన ఆజ్ఞాపించెను. ఎవరికి ఆజ్ఞాపించెను? తినినవారికి కాదు, గుమ్మము దగ్గర కనిపెట్టుకొనియున్న బీదలకు కాదు, తన శిష్యులకే. పేతురు, యోహాను మొదలైనవారు వంగి గడ్డిలో ముక్కలు ఏరిరి. పండ్రెండు గంపలు నిండెను. ఇక్కడ మిగులును ఎవరికిని విసరివేయుట లేదు. సమృద్ధి కలుగజేసినవాడే ముక్క విలువను ఎంచుచున్నాడు.

రూతు సంగతి మనకు ఇంకను దగ్గర. ఆమె మోయాబునుండి బేత్లెహేమునకు వచ్చిన వలస స్త్రీ. పొలములో పరిగె ఏరుకొనుట ఆమెకు భిక్ష కాదు. చేను అంచులను, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19లో ధర్మశాస్త్రమే హక్కుగా ఇచ్చెను. అయితే బోయజు అంతటితో ఆగలేదు. భోజనవేళ ఆమెను పిలిచి కోతగాండ్ర యొద్ద కూర్చుండబెట్టి, తన చేతితో పేలాలు అందించెను. ఆమె తృప్తిగా తిని కొంత మిగిల్చెను, దానిని ఇంటికి తీసికొనిపోయి అత్తయైన నయోమికి ఇచ్చెను. నయోమి తినినదియు మిగులే. కాని ఆ మిగులు బంతిలో కూర్చుండి తినినదాని చేతినుండి వచ్చెను. మా నాయనమ్మ చట్టిలో పడినదానికిని దీనికిని భేదము అన్నములో లేదు, ఆసనములో ఉన్నది.

ఇక్కడ మన సంఘ చరిత్ర కొంత చెప్పవలెను. 1876-78 ధాత కరువులో ఒంగోలు, నెల్లూరు ప్రాంతములే గాక ఈ మైసూరు రాజ్యము కూడ విలవిలలాడినది. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. కరువు సాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసెను, గంజి కొరకు ఎవరును విశ్వాసమును అమ్ముకొనకూడదని. ఆ తరువాతనే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. మన పితరులకు కూలి ముందు వచ్చెను, నీళ్లు తరువాత వచ్చెను.

ఇక ఆ డబ్బా సంగతి. టర్కీకి ఆ పేరున్నను దాని పుట్టిల్లు అమెరికా ఖండము. అదియు మనవలె వలస వచ్చినదే. క్రిస్మస్ దగ్గరపడగా శివాజీనగర్ రస్సెల్ మార్కెట్టులో దానిని అమ్ముదురు గాని మన జీతములకు అందదు. మా ఆమెయు ఆ సహోదరియు కలిసి మాంసమంతయు వేళ్లతో వలిచి వేరుగా పెట్టిరి. ఎముకలను విరిచి పెద్ద డేగిసాలో వేసి, మునుగునట్లు చల్లని నీళ్లు పోసి, రెండు ఉల్లిపాయలు, దంచిన అల్లము, వెల్లుల్లి, చిటికెడు పసుపు, మిరియాలు, కొత్తిమీర కాడలు చేర్చి సన్నని సెగమీద మూడు గంటలు ఉంచిరి. పైకి వచ్చిన నురుగును గరిటెతో తీసివేయుచుండిరి. ఉప్పు చివరకే, నీరు ఇగిరినకొలది ముందు వేసిన ఉప్పు ఎక్కువగును. తరువాత వడగట్టి, క్యారెట్టు, బీన్సు ఉడికించి, వలిచిన మాంసము ఆఖరున వేసిరి. టర్కీ మాంసము పొడిగా ఉండును, ముందే వేసి ఉడికించిన పీచు పీచు అగును. బెంగళూరు డిసెంబరు చలిని నమ్మి అట్టి సూపును రాత్రంతయు బయట ఉంచరాదు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు దినములలోపల మరల తెర్లకాచి త్రాగవలెను. దేవుడిచ్చిన మన్నా సహితము చెప్పిన వేళ దాటించి ఉంచినప్పుడు పురుగు పట్టెనని నిర్గమకాండము 16లో చదువుచున్నాము.

సెలవు దొరకక ఊరికి పోలేకపోయిన నలుగురు కుర్రవాండ్రను మారతహళ్లి గదినుండి పిలిపించితిమి. ఆ సహోదరిని వడ్డింపనియ్యలేదు. ఆమె గోడ ప్రక్కన కూర్చుండెను, నేనే గిన్నె అందించితిని. రెండు గుక్కలు త్రాగి, "మిరియాలు తగ్గాయి అమ్మగారూ" అన్నది. తరువాత ఒక క్యారియరులో నింపుకొని, తన వీధిలోని వాచ్‌మన్ తాతకు ఇచ్చెదనని పట్టుకొనిపోయినది.

ఆ రాత్రి నాకు మన క్రిస్మస్ విందు జ్ఞాపకము వచ్చినది. గిన్నెలు తోమిన ముగ్గురు స్త్రీలు మూడవ బంతి లేచిన తరువాత అడుగంటిన బిర్యానీ గీకుకొని తినిరి. నేను మొదటి బంతిలోనే తిని, చివరకు ఆశీర్వాద ప్రార్థన చేసితిని. యజమానురాలిని తప్పుపట్టుటకు నాకు నోరెక్కడిది?

కనుక పెద్దలతో మాట్లాడితిని. సంక్రాంతి సెలవులో జరుగు సహవాస భోజనములో గిన్నెలు తోమువారు, వంటవారు, ఊడ్చువారు మొదటి బంతిలో కూర్చుందురు. వడ్డించుటకు పెద్దలలో నలుగురు పేర్లు ఇచ్చిరి, అయిదవవాడను నేను. ఇంకను ఇద్దరు కావలెను. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత పేర్లు ఇవ్వగలరు.