బిడ్డ చేతికి ఏ బైబిలు?



మిరపకోతలు ముగిసిన వారములో మా సంఘపు సహోదరి యొకామె ఆదివార ఆరాధన అయిన పిమ్మట మందిరపు మెట్లయొద్ద నిలిచి, కొంగుముడి విప్పి, మడతలుపెట్టిన నోట్లు నా చేతిలో పెట్టినది. "అయ్యగారూ, మా పెద్దపాపకు పదేళ్లు నిండినయ్. బొమ్మల బైబిలు నాలుగుసార్లు చదివింది. ఇంక పెద్ద బైబిలు కొనిపెట్టాలని నా ఆశ. మీరు పట్నం పోయినప్పుడు మంచిది చూసి తెండి" అని చెప్పినది. ఆమె చదువుకొన్నది కాదు. ఆ నోట్లు మూడు దినముల కూలి.

"మంచిది" అని ఆమె యనిన మాట ఆ పూటంతయు నన్ను విడువలేదు. బైబిలులో మంచిది, చెడ్డది అని యుండునా? అయినను ఆమె అడిగినది సరియైన ప్రశ్నయే. పైగా ఆ ప్రశ్న నా పాత తప్పిదమును జ్ఞాపకము చేసినది. దానిని మీ యెదుట ఒప్పుకొనిన తరువాతనే తక్కినది వ్రాయుట మర్యాద.

ఏడేండ్ల క్రిందట సండేస్కూలు బహుమానముగా తొమ్మిదేండ్ల బాలిక యొకతెకు పూర్తి బైబిలు ఇచ్చితిమి. అంచులకు బంగారురంగు, మీద జిప్పు, లోపల చీమలబారువంటి అక్షరములు. చూచుటకు ముద్దుగా నున్నదని నేనే ఏరి తెచ్చితిని. ఆ బిడ్డ మిగిలినవారివలె దానిని పెట్టెలో దాచలేదు. ఆదికాండమునుండి మొదలుపెట్టి రోజుకు రెండు అధ్యాయములు చదువుకొనుచు పోయినది. కొన్ని నెలలకు ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, "అయ్యగారూ, యెఫ్తా కూతురు పేరేంది?" అని అడిగినది. పేరు వ్రాయబడలేదమ్మా అంటిని. ఆమె కదలక నిలిచి, తల వంచుకొని, "మా నాయన కూడా తాగినప్పుడు దేవుడి మీద ఒట్లు పెడతాడు" అన్నది.

నేను చేసినదేమి? ఆమె చేతిలోని గ్రంథము పుచ్చుకొని మూసి, "ఇవి పెద్దలు చదువుకొనే భాగాలు తల్లీ, నువ్వు కీర్తనలు చదువు" అని పంపివేసితిని. వినయముగల బిడ్డ గనుక నాడే రిబ్బను తీసి కీర్తనలలో పెట్టుకొన్నది. తరువాత ప్రార్థనకూటమునకు వారింటికి వెళ్లినప్పుడు ఆ బైబిలు గూటిలో దుమ్ముపట్టి యుండుట చూచితిని. ఎందుకు చదువుట లేదని అడిగితే, "ఏవి చదవచ్చో ఏవి చదవకూడదో నాకు తెలవదు గదా అయ్యగారూ" అన్నది. ఒక్క అధ్యాయము చదువవద్దంటిని. అరువది యారు పుస్తకములకును ఆమె భయపడినది.

పిల్లల మనస్సు లేతది, అన్నియు వారి యెదుట పెట్టరాదు అని మన పెద్దలు చెప్పుదురు. అది తీసివేయవలసిన మాట కాదు. పాలు త్రాగు వయస్సు, గట్టి ఆహారము తిను వయస్సు అని అపొస్తలుడే భేదము చూపెను. బొమ్మల బైబిలు పాలవంటిది. మా పిల్లలిద్దరు దానితోనే అక్షరములు కూడబలుకుకొనిరి. అయితే దానిలో నోవహు ఓడ కిటికీలోనుండి ఏనుగు నవ్వుచుండును. నీళ్లలో మునిగినవారు కనబడరు. దావీదు చేతిలో వడిసెల యుండును, ఊరియా ఉండడు. ఒక యౌవనస్థుడు కాలేజీలో స్నేహితుల యెగతాళివలన మొదటిసారి బత్షెబ సంగతి విని, ఇంటికి వచ్చి తల్లిని "నాకెందుకు దాచారు?" అని నిలదీసినది నేనెరుగుదును. తల్లి దాచలేదు. ఆమెకు తెలియనే తెలియదు.

కొందరు క్రొత్త నిబంధన మాత్రము కొనియిచ్చి, కష్టమైన కథలు తప్పించితిమి అనుకొందురు. మత్తయి సువార్త మొదటి పుట తెరువుడి. వంశావళిలోనే తామారు, రాహాబు, ఊరియా భార్య వరుసగా వచ్చుదురు. వీరెవరు అని బిడ్డ అడిగిన దినమున పాత నిబంధన తెరువక తప్పదు.

యెఫ్తాను గూర్చి మరల చెప్పవలెను, ఏలయనగా నేను ఆ బిడ్డకు బాకీపడిన జవాబు అక్కడనే యున్నది. న్యాయాధిపతులు 11వ అధ్యాయమును నిదానముగా చదువుడి. దేవుడు ఆ మ్రొక్కుబడి అడిగినట్లు అందులో లేదు, మెచ్చినట్లును లేదు. ఇశ్రాయేలు కుమార్తెలు ఏటేట నాలుగు దినములు ఆ కన్యకను తలంచుకొనుచుండిరని మాత్రము వ్రాయబడినది. ఆమె చంపబడలేదు, కన్యకగా ఉండిపోయినది అని కొందరు పండితులు అందురు. సెమినరీలో మేమును ఆ వాదము నేర్చుకొంటిమి. దానిని అడ్డుపెట్టుకొని బిడ్డ ప్రశ్ననుండి జారుకొనుట నాకు సమ్మతము కాదు.

నా మనస్సును పట్టిన సంగతి వేరొకటి. యెఫ్తా అమ్మోనీయుల రాజునకు పంపిన వర్తమానము అదే అధ్యాయములో నున్నది. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి ఏ త్రోవను వచ్చిరో, ఏ రాజు దారి ఇయ్యలేదో, అంతయు పూసగ్రుచ్చినట్లు చెప్పినాడు. అనగా కథలు అతనికి బాగుగా వచ్చును. లేవీయకాండము 27వ అధ్యాయములో మనుష్యులను మ్రొక్కుకొనినవారు వెలకట్టి వెండి చెల్లించి విడిపించుకొను విధి యున్నది. బిడ్డలను అగ్నిలో వేయుట యెహోవాకు హేయమని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. ఈ మాటలు అతనికి ఎవరును చెప్పినట్లు లేదు. అన్నదమ్ములు తరిమివేయగా టోబు దేశములో నివసించినవాడు, చెప్పువారెవరు? మనము చదువక దాటిపోవు ఆ లేవీయకాండపు పుట ఆ తండ్రికి తెలిసియుంటే ఆ కూతురికి వేరొక దారి యుండెడిదేమో. నేను పూర్తి గ్రంథము పక్షమున మాటలాడుటకు ఇది ముఖ్యకారణము. బిడ్డ భయపడిన అధ్యాయమునకు జవాబు అనేకసార్లు బిడ్డ ఇంకను చదువని అధ్యాయములో ఉండును.

పూర్వము పిల్లలను ఎడముగా ఉంచలేదు. ప్రతి ఏడవ సంవత్సరము పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రము చదువునప్పుడు పురుషులను, స్త్రీలను, పిల్లలను, పరదేశులను సమకూర్చుమని మోషే ఆజ్ఞాపించెను. హేయమైన సంగతులు వచ్చినప్పుడు పిల్లలను బయటికి పంపుమని అనలేదు. ఎజ్రా ఉదయమునుండి మధ్యాహ్నమువరకు చదివినప్పుడు లేవీయులు జనుల మధ్యనుండి అర్థము చెప్పిరి. పిల్లలు విన్నారు గాని ఒంటరిగా వినలేదు. మేము ఆ బహుమానము ఇచ్చినప్పుడు మరచినది ఇదే: గ్రంథము ఇచ్చితిమి, ప్రక్కన కూర్చుండువారిని ఇయ్యలేదు.

మన తెలుగువారికి సహా వాక్యము ఒక్కసారిగా రాలేదు. 1805లో విశాఖపట్టణము వచ్చిన లండను మిషనరీలలో డిగ్రాంజెస్ గారు ఆనందరాయరు అనువాని సహాయముతో తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. అప్పటికే డిగ్రాంజెస్ గారు మరణించి రెండేండ్లు గడిచెను. 1818లో క్రొత్త నిబంధన వచ్చెను. సంపూర్ణ గ్రంథమునకు ఇంకను దశాబ్దములు పట్టెను. కాబట్టి బిడ్డకు మొదట సువార్త, తరువాత తక్కినది అనుటలో తప్పులేదు. సువార్తతోనే ఆగిపోవుట తప్పు.

ఇక కొనుగోలు సంగతి. పట్నము షాపులో రెండు విధములు దొరకుచున్నవి: మనము మందిరములో చదువు పాత అనువాదము, వాడుక భాషలోనికి మార్చిన అనువాదములు. మన గ్రామపు పిల్లలును నేడు ఇంగ్లీషు మీడియములోనే చదువుచున్నారు. తెలుగు ఒత్తులయొద్ద తడబడుదురు. అందుచేత వాడుక భాషదే కొనవలెనని నిశ్చయించుకొంటిని. నిశ్చయించుకొని కూడ, ఎందుకో, కొనక ముందు నా యొద్దనున్న రెండును తీసికొని ఆ సహోదరి యింటికి వెళ్లి, రూతు గ్రంథము మొదటి అధ్యాయము పాపచేత చదివించితిని.

వాడుక భాషలో పాప గడగడ చదివినది. పాత అనువాదములో పది చోట్ల ఆగినది. పొయ్యి ముందు కూర్చున్న తల్లి అక్షరము ఎరుగదు. ఆమె ఆ పదింటిలో ఆరు మాటలకు అర్థము చెప్పినది! "అంటే తోడికోడలే పిల్లా", "అదా, ఊరు విడిచి వలస పోయి ఉండటం" అని. ముప్పది యేండ్లు మందిరములో చాపమీద కూర్చుండి చెవితో నేర్చుకొన్న తెలుగు అది. పాప చదువుట ఆపి తల్లి ముఖము చూచినది. తల్లికి ఇన్ని సంగతులు తెలియునని ఆ పిల్ల అనుకొనలేదు కాబోలు. తిమోతికి లోయి, యునీకే ఉన్నట్లు ఈ యింట ఈమె యున్నది. ఆమెకు తెలిసిన గ్రంథమే బిడ్డ చేతిలో ఉండవలెను. అందుచేత పాత అనువాదమే తెచ్చితిని. అట్టి పెద్దలు లేని యింట నేను సందేహింపక వాడుక భాషదే కొందును. పాత మాటలే పరిశుద్ధమని వాదించువారితో నాకు పొత్తులేదు.

అక్షరములు పెద్దవి, పుటలు దారముతో కుట్టినవి చూచితిని. జిగురుతో అంటించినది మన వానకాలము రెండు చూడదు. జిప్పు లేదు, బంగారు అంచు లేదు. కొంచెము డబ్బు మిగిలితే తిరిగి ఇచ్చితిని. ఆమె దానితో గీతలు గీసికొనుటకు పెన్సిలు కొన్నది. ఫోనులో ఉచితముగా వచ్చును గదా అని మీలో కొందరు అడుగుదురు. వచ్చును. అదే ఫోనులో ఇంకేమి వచ్చునో మీరే యెరుగుదురు.

గ్రంథము ఇచ్చుచు ఆ తల్లితో, "రాత్రిపూట గట్టిగా చదివించుకో అమ్మా. భయపెట్టేది ఏదైనా వస్తే ఇద్దరూ కలిసి రండి, ఈసారి నేను మూయను" అని చెప్పితిని.

ఆ తరువాత రెండవ వీధిలోని యింటికి వెళ్లితిని. మా బహుమానము అందుకొన్న బాలికకు ఇప్పుడు పదునారేండ్లు. అరుగుమీద కూర్చుండి, ఏడేండ్ల క్రిందట నేను చెప్పవలసినది చెప్పితిని: మ్రొక్కుబడి సంగతి, వెండి సంగతి, దేవుడు అడుగలేదన్న సంగతి. గేదెను కట్టివేయుచున్న ఆమె తండ్రి చేతిలోని పలుపు అట్లే పట్టుకొని వినుచుండెను. అంతయు విని ఆమె, "మరి ఆ పిల్ల పేరు మాత్రం ఎందుకు రాయలేదయ్యగారూ?" అన్నది.

నాకు తెలియదమ్మా అంటిని.