మూడుసార్లు చేతికందిన మణి

వినాయక చవితి నాడు చేతిలో అక్షింతలు పట్టుకుని శమంతకోపాఖ్యానం వింటాం. నీలాపనిందలు తొలగాలని వింటాం కాబట్టి మన ధ్యాసంతా నింద మీదే ఉంటుంది. శమంతక మణి ప్రయాణాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. భాగవతం ప్రకారం ఆ మణి కృష్ణుడి చేతికి మూడుసార్లు అందింది. మూడుసార్లూ ఆయన దాన్ని తన దగ్గర ఉంచుకోలేదు.

మొదటిసారి జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి తెచ్చాడు. ఉగ్రసేనుడి సభకు మణి యజమాని సత్రాజిత్తును పిలిపించి, అందరూ చూస్తుండగా తిరిగి ఇచ్చేశాడు. కృష్ణుడి మీద నింద వేసినందుకు సిగ్గుపడిన సత్రాజిత్తు తన కూతురు సత్యభామతో పాటు మణినీ సమర్పిస్తే, సత్యభామను స్వీకరించి మణిని మామ దగ్గరే ఉంచమన్నాడు. ఆ తర్వాత సత్రాజిత్తు నిద్రలోనే హతుడయ్యాడు. చంపిన శతధన్వుడూ బతకలేదు. చివరికి మణి అక్రూరుడి దగ్గర బయటపడింది. అన్న బలరాముడికే కృష్ణుడి మీద అనుమానం కలిగిన సమయం అది. అక్రూరుడి చేత మణి తెప్పించి, బంధువులకు చూపించి, మళ్లీ అక్రూరుడికే అప్పగించాడు. అంత పోరాడి సాధించిన వస్తువును అంత తేలిగ్గా ఇచ్చేయడం ఎలా సాధ్యమైంది? నన్ను ఏళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న ఇది.

హైదరాబాద్ పాతబస్తీలో, కిషన్‌బాగ్‌లో మురళీ మనోహర స్వామిగా కొలువున్నది ఆ కృష్ణుడే. ఆ ప్రశ్నతోనే ఆయనను దర్శించుకుని మూసీ వెంట తూర్పుకు వస్తే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో, ఇంకా పాతికేళ్లు నిండకుండానే నిజాం దగ్గర దివాన్ అయ్యాడు. 1914లో ఆ పదవి వదిలాక ఆయన జీవితమంతా సేకరణే. దంతపు బొమ్మలు, చిత్రాలు, రాతప్రతులు, వాటితో పాటు గడియారాలు. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ పేరుతో ఉన్న సంగీత గడియారం వాటన్నిటిలో జనానికి ఇష్టమైనది. గంట కొట్టే వేళకు లోపలి గదిలోంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ నడిచి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి వెళ్లిపోతుంది. పన్నెండు దెబ్బలు వినాలని మధ్యాహ్నం వేళ పిల్లలు, పెద్దలు గుమిగూడి ఎదురుచూస్తారు.

సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు. వారసుల్లేకుండా 1949లో కన్నుమూశాడు. 1951 డిసెంబర్ 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఒక్కడి కోసం కొన్న గడియారం చుట్టూ ఇప్పుడు ఊరూరి జనం నిలబడుతున్నారు. సేకరణకు ఇంతకన్నా మంచి గతి ఉంటుందని నేననుకోను.

అందరి సేకరణకూ ఆ భాగ్యం ఉండదు. న్యూయార్క్ ధనికుడు హెన్రీ గ్రేవ్స్ 1925లో స్విట్జర్లాండ్‌లోని పటెక్ ఫిలిప్ సంస్థకు ఒక జేబు గడియారం పురమాయించాడు. తన ఇంటి మీద రాత్రిపూట కనిపించే ఆకాశాన్ని కూడా అది చూపాలన్నాడు. ఇరవై నాలుగు రకాల పనితనాలతో అది 1933లో చేతికొచ్చింది. ఎనిమిదేళ్ల నిరీక్షణ! తాత అంతగా కోరుకున్న గడియారాన్ని మనవడు 1969లో అమ్మేశాడు. 2014లో జెనీవా వేలంలో దాని ధర 2 కోట్ల 30 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. గ్రేవ్స్ కన్నా ఎంతో ముందు, పారిస్‌లో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వనెట్ కోసం గడియారాల తయారీదారు బ్రెగే దగ్గర 1783లో ఒక గడియారం చెప్పి చేయించడం మొదలుపెట్టారు. 1793లో రాణి తల తెగింది. 1823లో బ్రెగే పోయాడు. గడియారం పూర్తయింది 1827లో. కాలాన్ని చూపడానికి పుట్టిన వస్తువు, ఎవరి కోసం మొదలైందో వారి కాలం ముగిశాక వచ్చింది.

ఇవి చెప్పి కోరికను తప్పుపట్టాలని నాకు లేదు. పళ్ల చక్రాలు, స్ప్రింగు లాంటి భాగాలతోనే సూర్యచంద్రుల గతిని లెక్కకట్టే పనితనం చూసి మనసు కరగకపోతే అదే లోటు. ఆ చేతుల్లోనూ భగవంతుడి కళే ఉంది. కృష్ణుడు కూడా మణిని తక్కువ చేసి మాట్లాడలేదు, దాని కోసం జాంబవంతుడి గుహలోకి దిగి పోరాడాడు. కానీ ఆయన పోరాడింది నిజం తేలడం కోసం. మణి తనదవ్వాలన్న ఆశ లేదు కనుకే ఇచ్చేటప్పుడు చెయ్యి వణకలేదని నాకిప్పుడు అనిపిస్తోంది. ఈశావాస్యోపనిషత్తు త్యాగాన్నీ అనుభవాన్నీ ఒకే మంత్రంలో చెప్పడంలో అర్థం ఇదే.

తనది కావాలన్న ఆశ లేని ప్రేమ పాతబస్తీలోనే ఇంకోచోట కనిపిస్తుంది. అక్కడి చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ గడియారం ఉంది. తరతరాలుగా గడియారాలు బాగుచేసే ఒక కుటుంబం వారానికోసారి దానికి కీ ఇస్తూ వస్తోంది. ఆ గడియారం వాళ్లది కాదు. అయినా దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నారు.

చేతి గడియారం కోసం ఏళ్లుగా డబ్బు కూడబెట్టి, డయల్ రంగు నుంచి వెనక చెక్కించే అక్షరాల దాకా అన్నీ చెప్పి చేయించుకుంటున్నవారు నా పాఠకుల్లోనూ ఉంటారు. వారికి నాదొక విన్నపం. అది రాకముందే ఎవరికి చేరాలో నిర్ణయించుకోండి. కొడుకో, కోడలో, మేనకోడలో, ఆ పని నేర్చుకుంటున్న కుర్రాడో ఎవరైనా సరే. ఇంటికొచ్చిన మొదటి రోజు కీ వాళ్ల చేత ఇప్పించండి.