పగడానికి ప్రాణం ఒకటేనా?

తెలుగింట్లో పగడం ముందు నగగా, తర్వాత గ్రహంగా పరిచయమవుతుంది. నల్లపూసల మధ్య ఎర్రగా గుచ్చి ఉంటుంది. జాతకంలో కుజుడు బాగాలేడంటే ఉంగరపు వేలికి ఎక్కుతుంది. నవరత్నాల్లో అదీ ఒకటి కాబట్టి చాలామంది దృష్టిలో అది రాయే. కానీ పగడాలు పెంచే రీఫ్ ట్యాంకు ముందు ఓ సాయంత్రం కూర్చుంటే ఆ నమ్మకం నిలవదు. ఉప్పునీళ్లలో, నీలి దీపం కింద, ఆ పగడానికి దూరపు చుట్టమైన ఓ రాతి పగడం గోరంత నోళ్లు వందల కొద్దీ తెరిచి, చుట్టూ ఉన్న మెత్తని వేళ్లు చాచి, పడిన రొయ్య తునకను మెల్లగా లోపలికి లాక్కుంటుంది.

పగడాన్ని తొలిసారి తేరిపార చూసినవాళ్లు కూడా గాజుపాత్రలోనే చూశారు. ఇటలీకి చెందిన లుయిజి మార్సిలీ 1706లో, ఫ్రాన్సు దక్షిణ తీరంలో జాలర్లు తీసిన ఎర్రపగడపు కొమ్మను సముద్రపు నీళ్లలో ఉంచాడు. కొంతసేపటికి కొమ్మ పొడవునా ఎనిమిదేసి రేకులతో తెల్లని పూలు విచ్చుకున్నాయి. నీళ్లలోంచి తీస్తే ముడుచుకున్నాయి, ముంచితే మళ్లీ విచ్చుకున్నాయి. పగడం మొక్కేనని ఆయన తేల్చాడు. రెండు దశాబ్దాలు గడిచాక మార్సెయ్ వైద్యుడు పెసొనెల్ అలాంటి పాత్రలోనే, అవే పూలను చూసి, అవి జంతువులన్నాడు. పారిస్ పండితులు ఆ మాట నమ్మలేదు. ఆ వాదాన్ని అకాడమీలో వినిపించిన రేమూర్, పెసొనెల్ నవ్వులపాలవుతాడని ఆయన పేరే చెప్పలేదు. 1740ల్లో ట్రాంబ్లే అనే పరిశోధకుడు, పగడానికి చుట్టమైన మంచినీటి జీవి హైడ్రాను తుంచి, ఆ ముక్కలు మళ్లీ నిండు జీవులు కావడం చూపించాకే పెసొనెల్ మాటకు విలువ వచ్చింది.

జంతువేనన్న సంగతి అలా తేలింది. ఎన్ని జంతువులన్నది మాత్రం తేలలేదు.

రాతి పగడంలో ఒక్కో నోటి చుట్టూ ఉన్న చిన్న జీవిని పాలిప్ అంటారు. ఈదుతూ వచ్చిన ఒక్క పిల్లజీవి రాతికి అతుక్కుని, తనలోంచి మొలకలుగా ఇంకొన్నింటిని పుట్టిస్తుంది. వెయ్యి పాలిప్‌లైనా అన్నిటివీ ఒకే జన్యువులు. చాలా జాతుల్లో వాటి మధ్య పల్చటి మాంసపు పొర పరుచుకుని ఉంటుంది. ఒక నోరు తిన్నది ఆ పొర గుండా పొరుగు పాలిప్‌కూ అందుతుంది. ఆ మాంసంలోనే కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండను ఆహారంగా మార్చి, చాలా పగడాలకు కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా అదే ఇస్తుంది. కింద సున్నపు ఎముక. జంతువు, మొక్క, రాయి మూడూ ఒకే చోట ఉన్న దీన్ని పిలవడానికి మనకున్నది ఏకవచనమే.

ఈ చిక్కు మన దేశంలో జైనులకు ఎప్పుడో తట్టింది. ఉత్తరాధ్యయన సూత్రం పగడాన్ని పృథ్వీకాయ జీవుల జాబితాలో చేర్చింది. అంటే రాయిలా కనిపించినా ప్రాణమున్నదని. ఎముక కట్టే తీరు వాళ్లకు తెలియకపోవచ్చు, కానీ నిర్జీవమని పక్కన పెట్టలేదు. అంతకన్నా ఆశ్చర్యం వాళ్ల వృక్షజాతుల విభజన. కొన్ని మొక్కల్లో ఒక దేహానికి ఒకే జీవుడు. దుంపల్లాంటి వాటిలో లెక్కలేనన్ని జీవులు ఒకే దేహాన్ని పంచుకుని, కలిసి తిని, కలిసి ఊపిరి తీస్తాయి. జైనుల ఇంట ఉల్లి, ఆలుగడ్డ వండకపోవడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. వాళ్లు పగడాన్ని రాళ్ల వరసలో పెట్టారు గానీ, దాని బతుకుకు సరిగ్గా సరిపోయేది దుంపల గురించి చెప్పిన ఆ రెండో మాట.

ట్యాంకు పెంచేవాళ్లకు ఇది పుస్తకాల్లో చర్చ కాదు. లీటరు నీటికి దాదాపు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు, ఇరవై అయిదు డిగ్రీల వేడి, కాల్షియం నాలుగు వందల పైన, ఆల్కలినిటీ ఎనిమిది చిల్లర. ఈ అంకెలు కదలకుండా కాపాడుకోవడంతోనే రోజు గడుస్తుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. అందుకని తగ్గినంత మేరా ఆర్‌ఓ నీళ్లే పోయాలి. కొత్తవాళ్లు ఉప్పునీళ్లు పోసి, వారం తిరక్కుండానే పగడాలను ముడుచుకునేలా చేస్తారు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది. అప్పటిదాకా ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడమే పని. ఆ ఓపిక లేనివాళ్లు ఈ సరదా జోలికి పోకపోవడం మేలు. తొందరకు మూల్యం చెల్లించేది వాళ్లు కాదు.

పగడం బాగా పెరిగితే తుంచక తప్పదు. కొమ్మను నీళ్లలోంచి ఎత్తగానే నోళ్లన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. వేళ్లకు జిగురు అంటుతుంది, సముద్రపు వాసన గది నిండా పరుచుకుంటుంది. కట్టర్ నొక్కితే పటుక్కుమని చప్పుడు. విరిగిన చోట సున్నపురాయి తెల్లగా కనిపిస్తుంది, అంచున గోధుమరంగు మాంసం తడిగా మెరుస్తుంది. ముక్కను చిన్న బిళ్ల మీద సూపర్ గ్లూతో అతికించి నీళ్లలో దించుతారు. ఒకటి రెండు రోజులు కదలిక ఉండదు. తర్వాత ఓ నోరు, దాని పక్కన ఇంకోటి తెరుచుకుంటాయి. కొన్ని వారాలకు మాంసం జిగురు మీదుగా బిళ్ల మీదికి పాకుతుంది. తల్లి కొమ్మ మీద గాయం మానిపోయి ఉంటుంది.

ఇప్పుడు అక్కడున్నది ఒకటా, రెండా?

జవాబు పగడమే చెబుతుంది. ఒకే కొమ్మ నుంచి తుంచిన రెండు ముక్కలను పక్కపక్కన అతికిస్తే, పెరిగి పెరిగి అంచులు తాకినప్పుడు అతుకు కనిపించకుండా కలిసిపోతాయి. అదే జాతి పగడమైనా, వేరే పిల్లజీవి నుంచి పుట్టినదైతే కలవదు. తాకిన చోట ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. కొన్ని రకాలు రాత్రిపూట పొడవాటి తంతువులు చాచి పొరుగుదాని మాంసాన్ని కరిగించేస్తాయి. తెల్లారేసరికి ఆ మేర తెల్లటి ఎముక మిగులుతుంది. మెదడు లేదు, కన్ను లేదు. అయినా తనకూ పరాయికీ తేడా దానికి తెలుసు. ‘నేను’ అన్న ఎరుకకు మనస్సు కావాలని గట్టిగా వాదించేవాళ్లు ఆ తెల్లటి గీతను ఒకసారి చూడాలి.

ఫ్లోరిడాలోని మోట్ ప్రయోగశాలలో డేవిడ్ వాన్ ఈ గుణాన్నే పనిలో పెట్టాడు. తొట్టి అడుగున అతుక్కున్న ఎల్క్‌హార్న్ పగడాన్ని తీయబోతే విరిగి, కొన్ని పాలిప్‌లు అక్కడే ఉండిపోయాయి. చచ్చిపోతాయనుకున్నవి మామూలు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పెరిగాయి. అప్పటి నుంచి పగడాన్ని గోరంత ముక్కలుగా కోసి, చచ్చిన పాత పగడపు రాతి మీద దగ్గర దగ్గరగా అతికిస్తున్నారు. అవి పెరిగి, కలిసి, ఆ రాతిని మళ్లీ మాంసంతో కప్పేస్తాయి. ఎల్క్‌హార్న్ పగడాల్లో కొన్నిటి వయసు అయిదు వేల ఏళ్లు దాటి ఉండొచ్చని 2016లో జన్యు పరిశీలనతో అంచనా కట్టారు. తుఫానుకు విరిగిన కొమ్మలు ఇంకో చోట పాతుకుని, అవే జన్యువులను మోస్తూ వచ్చాయన్నమాట. ఆ లెక్కన పుట్టినరోజు ఒక్కటే, చావులు మాత్రం వేల కొద్దీ జరిగాయి. ఏ చావూ పూర్తి కాలేదు.

పాళీ గ్రంథం మిలిందపన్హాలో నాగసేనుడు గ్రీకు రాజు మిలిందుడి ముందు ఒక దీపాన్ని ఉదాహరణగా పెడతాడు. తొలిజాములో వెలిగిన మంటా, కడజాములో వెలిగే మంటా ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు. వెలుగు ఆగకపోవడమే అక్కడున్న సంగతి. రీఫ్ ట్యాంకులున్న స్నేహితులు ఇలాంటి దీపాన్నే చేతులు మారుస్తారు. మంచి పగడం ఉంటే ఒక ముక్క ఇంకొకరికి ఇచ్చి ఉంచడం ఈ సరదాలో పాత అలవాటు. కరెంటు పోయి, ఇన్వర్టర్ ఆగి, పంపులు నిలిచి, ప్రాణవాయువు తగ్గి ఒక రాత్రిలో తొట్టి మొత్తం పోయినవాళ్లు అప్పుడు ఆ ఇంటికి వెళ్తారు.

అదే అలవాటు ఫ్లోరిడాలో ఒక జాతి పాలిట ఆఖరి ఆసరా అయింది. 2014లో మయామీ దగ్గర రాతి పగడాల మాంసాన్ని ఊడదీసే జబ్బు బయటపడింది. స్తంభాల్లా నిలబడే పిల్లర్ కోరల్ అక్కడ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన ముక్కలను ఒడ్డుకు తెచ్చి తొట్టెల్లో పెట్టారు. లండన్ హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ అంతకు ముందే సూర్యోదయాలను, ఋతువుల వేడిని, చంద్రుడి వెలుగును దీపాలతో అనుకరించి పగడాల చేత తొట్టెలోనే అండాలు విడిపించాడు. ఆ పద్ధతితోనే 2019 ఆగస్టులో ఫ్లోరిడా అక్వేరియంలో పిల్లర్ కోరల్ అండాలు, బీజం విడిచింది. 2023 వేసవిలో అక్కడి ఒక అఖాతంలో నీళ్లు 38 డిగ్రీలు దాటినప్పుడు, సముద్రంలో పెంచుతున్న పగడాలను కూడా మోసుకొచ్చి ఒడ్డు తొట్టెల్లో దాచారు.

మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద ఉన్నాయి. సముద్రం నుంచి వాటిని పెరికి తేవడం నేరం. చట్టం లేకపోయినా తప్పే. ఒక్క జీవి వెయ్యి ఇళ్లకు సరిపడా పెరగగలిగినప్పుడు, దిబ్బ మీద సుత్తి వేయడానికి ఏ సాకూ మిగలదు. కొనేవాడు ముక్క ఎక్కడ పెరిగిందని అడగాలి. జవాబు తడబడితే ఖాళీ చేతులతో రావాలి.

ఇక తొట్టి పోయినవాళ్ల సంగతి. చచ్చిన పగడాన్ని కొందరు పారేయరు. ఎముకను కడిగి, ఎండబెట్టి, నీళ్లు కుదుటపడ్డాక తిరిగి తొట్టిలో పెడతారు. స్నేహితుడి ఇంటి నుంచి చిన్న డబ్బాలో వచ్చిన ముక్కను దాని మీదే అతికిస్తారు. కొన్ని వారాలకు మాంసం పాత కొమ్మ మీదికి పాకడం మొదలవుతుంది. ఒకప్పుడు తన నోళ్లే ఉన్న గుంటల్లో ఒక్కొక్కటిగా నోళ్లు తెరుచుకుంటాయి.