గెలుపుకు కర్త ఎవరు?

అంతర్జాతీయ క్రీడల్లో విజేతలను రెండు రకాలుగా లెక్కిస్తారు: దేశాలవారీగా, క్రీడాకారులవారీగా. ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలతో కలిపి 28 పతకాలు సాధించిన మైకేల్ ఫెల్ప్స్ క్రీడాకారులందరిలో ముందున్నాడు. దేశాల్లో అమెరికా ముందుంది. ఫెల్ప్స్ ఈది గెలిచిన పతకాలు అమెరికా లెక్కలోనూ ఉన్నాయి. ఒకే గెలుపును ఇద్దరూ తమదంటున్నప్పుడు దానికి అసలు కర్త ఎవరన్నది తాత్త్విక ప్రశ్న.

పోటీ క్రీడాకారుల మధ్యే గాని దేశాల మధ్య కాదని ఒలింపిక్ చార్టర్ చెబుతుంది. దేశాల వరుస లెక్కించే పద్ధతిని బట్టి మారిపోతుంది కూడా. స్వర్ణాలను ముందు లెక్కించే పద్ధతిలో 2024 పారిస్ క్రీడల్లో ఒక రజతం, 5 కాంస్యాలు గెలిచిన భారత్‌కు 71వ స్థానం దక్కింది. ఒక స్వర్ణం, ఒక రజతం గెలిచిన చిన్న ద్వీపదేశం సెయింట్ లూసియా అంతకన్నా పైన నిలిచింది. మొత్తం పతకాలను లెక్కిస్తే భారతే ముందుంటుంది.

దేశంలోపలా ఇదే చిక్కు. జాతీయ క్రీడల్లో రాష్ట్రాలు పోటీపడతాయి. అయితే 2015లో కేరళలో, 2022లో గుజరాత్‌లో జరిగినప్పుడు అగ్రస్థానం సర్వీసెస్‌ది. అది రాష్ట్రం కాదు, పలు ప్రాంతాల నుంచి సైనిక దళాల్లో చేరినవారి జట్టు. పుట్టిన ఊరు ఒకటి, ఉద్యోగమిచ్చి ఆడించినది మరొకటి.

ఈ చిక్కును విప్పడానికి భగవద్గీత 18వ అధ్యాయం తోడ్పడుతుంది. ఏ పనికైనా అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అనే ఐదు కారణాలుంటాయని, తానొక్కడినే కర్తననుకోవడం అవివేకమని అది చెబుతుంది. అధిష్ఠానమంటే శరీరం, కరణమంటే సాధనం, చేష్ట అంటే ప్రయత్నం. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆమె పొడవు అధిష్ఠానం. వాలీబాల్ ఆడిన తల్లిదండ్రుల ఇల్లు, హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీ కరణాలు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ కూడా అంతకుముందు బెంగళూరులో ప్రకాశ్ పదుకోన్ అకాడమీలో సాధన చేసినవాడే. నెట్టుకు తగిలిన షటిల్ ఎటు పడుతుందన్నది దైవం.

అలాగని క్రీడాకారుల పాత్ర తక్కువేమీ కాదు. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. కోచ్‌లు, ప్రభుత్వాలు ఎంత చేసినా ఆ బరువులో ఒక్క కిలో కూడా పంచుకోలేరు. చేష్ట పూర్తిగా ఆమెదే.

కాబట్టి దేశానికి గెలుపులో ఉన్న హక్కు అది సమకూర్చిన కరణం మేరకే. మైదానం, కోచ్, మంచి తిండి ఎంతమంది పిల్లలకు అందాయన్నదే దేశం తన గురించి వేసుకోవలసిన లెక్క. ఓటమికీ ఆ ఐదు కారణాలే ఉంటాయి గనుక, ఓడినవారినొక్కరినే నిందించడం కూడా అవివేకమే. గెలుపులో వాటా అడిగే దేశం ఓటమిలోనూ తన వాటా ఒప్పుకోవాలి.